ఒక్కలన్న అడిగిండ్రా

దయ్యాల సినిమాలు తీసేవాళ్ళెవరూ ఒక్క గదిలో కాపురం చేసినవాళ్ళు కారు. ఇది నా మొదటి ఫిర్యాదు. వాళ్ళ దయ్యానికి ఎప్పుడూ ఒక పాత బంగళా కావాలి, మేడమీద ఎవరూ తెరవని గది కావాలి, పరిగెత్తడానికి పొడవాటి వరండా కావాలి. ఈ గుజరాతీవాళ్ళ ఊళ్ళో మగ్గాల పనివాళ్ళం ఉండే మా డిండోలికి రమ్మనండి చూద్దాం. ఒకే గదిలో నేను, మా ఆయన రవీంద్ర, మా అత్తమ్మ వజ్రమ్మ, తొమ్మిదేళ్ళ మా హారతి. ఒక మూల గ్యాస్ పొయ్యి, ఇంకో మూల చీరల మూటలు. దయ్యం వస్తే ఎక్కడ నిలబడుతుంది? పొద్దున్నే లేచి బాత్రూం దగ్గర లైన్లో నిలబడాల్సిందే, అది కూడా పక్కగది జమున తర్వాత.

రెండో ఫిర్యాదు చప్పుడు గురించి. తెరమీద ఏమీ జరగకముందే చెవులు పగిలేలా ఒక మోత మోగిస్తారు. మేం ఉలిక్కిపడితే అదేదో తమ గొప్పే అనుకుంటారు. వెనక నుంచి వచ్చి చెవి దగ్గర పళ్ళెం కొడితే ఎవరైనా ఉలిక్కిపడతారు, దానికి సినిమా ఎందుకు? అయినా మేం సాంచాల పక్కన బతికేవాళ్ళం. మరమగ్గాల మోతలోనే వండుకుంటాం, తింటాం, పడుకుంటాం. కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయినప్పుడే మాకు మెలకువ వస్తుంది, గుండెలో రాయి పడుతుంది. ఆ నిశ్శబ్దాన్ని ఒక్కడు కూడా సినిమాలో పెట్టలేదు.

థ్రిల్లర్లంటారా, వాటి సంగతి ఇంకా అన్యాయం. ఈమధ్య చూసినవాటన్నిటిలోనూ చివరికి హంతకుడు దొరుకుతాడు, దొరకగానే చిన్నప్పటి కథ మొదలవుతుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ కొట్టిందట, అందుకని పెద్దయ్యాక ఊరందరినీ చంపుతున్నాడట. ఇదేం లెక్క? మా అత్తమ్మ చేతిలో రవీంద్ర తినని దెబ్బ లేదు. ఆయన ఇన్నేళ్ళుగా సాంచ మీద దారం కండెలు మార్చడం తప్ప ఎవరినీ ఏమీ చేయలేదు. నన్ను ఒక మాట గట్టిగా అనడానికే ఆయనకు భయం.

ఇన్ని తిడుతూ కూడా నేను ఒక్క సినిమా వదలను. మధ్యాహ్నం పూట మా చాలీలో, అంటే ఈ వరస గదుల్లో ఉండే ఆడవాళ్ళమంతా ఇంటి ముందరి అరుగు మీద కూర్చుని, బజారు నుంచి మూటలుగా వచ్చే చీరలు ఒళ్ళో వేసుకుని, వాటి వెనక వేలాడే దారాలు చిన్న కత్తెరలతో కత్తిరిస్తాం. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ఎదురుగా చీరల దొంతికి ఫోను ఆనించి పెడితే సినిమా దాని పని అది చేసుకుపోతుంది. అభిప్రాయాలు చెప్పే పని నాది. దయ్యాలున్నాయని పేరుపడ్డ డుమస్‌ సముద్రం ఒడ్డుకు కూడా అందరినీ నేనే తీసుకుపోయాను. టమాటా భజియాల బండి దగ్గర తోపులాట తప్ప అక్కడ భయపడాల్సింది ఏమీ లేదని నా తీర్పు.

"అక్కా, నువ్వు సిన్మకు పోయేది చూసేతందుకా, తిట్టేతందుకా?" అని జమున అడుగుతుంది.

"రెండిటికీ" అంటాను.

ఈ కథకంతటికీ కారణమైన ఆ దయ్యం సినిమాకు కూడా జమునా నేనూ పోయాం. ఉధ్నా దగ్గర థియేటర్లో, హిందీ డబ్బింగు. అప్పటికే ఊరంతా దాని గురించే మాట్లాడుతోంది. పట్నం నుంచి కొత్తగా పెళ్ళైన జంట పాత బంగళాకు వస్తుంది. అంతవరకు మామూలే, నేను ఆవలించాను కూడా. అప్పుడు అద్దంలో ఒక ఆడమనిషి కనబడింది. జుట్టు విరబోసుకుంది. ముఖమంతా పసుపు, నుదుట ఇంత కుంకుమ. చేతుల్లో వేపమండలు. నెత్తిమీద పసుపు రాసిన కుండ, కుండ మెడకు వేపాకు, పైన వెలుగుతున్న దీపం. థియేటరంతా కెవ్వుమంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అది బోనం. ఆషాఢంలో మా ఆడవాళ్ళు తలస్నానం చేసి, కొత్త కుండలో అన్నం వండి, పైన దీపం పెట్టి, ఎల్లమ్మకో పోచమ్మకో నెత్తిమీద మోసుకుపోయే బోనం. దాన్ని తీసుకెళ్ళి దయ్యం నెత్తిన పెట్టారు. తెలియక చేశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెలియనివాడు కుండకు వేపాకు అంత చక్కగా ఎలా కడతాడు? దీపం ఒరగకుండా కింద కందులో, బియ్యమో పోయాలని వాడికి ఎవరు చెప్పారు? ఎవరో మా పక్కన నిలబడి, మర్యాదగా అన్నీ అడిగి, ఫొటోలు తీసుకుపోయి, అన్నిటినీ అలాగే ఉంచి, అమ్మవారిని మాత్రం తీసేశారు.

నాకు అంత కోపం రావడానికి కారణం మా అత్తమ్మ. ఆమె మాటలు తక్కువ మనిషి. బతుకంతా కండెలు చుట్టి చుట్టి మోకాళ్ళు అరిగిపోయాయి, ఇప్పుడు గోడకు ఆనుకుని దారాలు కత్తిరిస్తుంది. సినిమాలు చూడదు, ఫోను మోగితే నాకు అందిస్తుంది. కానీ బోనాలనాడు ఆమె మీదికి ఎల్లమ్మ వస్తుంది. డప్పు మోగగానే ఒళ్ళు ఊగిపోతుంది, జుట్టు విడిపోతుంది, గొంతు మారిపోతుంది. శివమూగడం అంటాం మేము. అప్పుడు మా చిన్నమామ రాజమల్లు, అంటే చనిపోయిన మామగారి తమ్ముడు, పసుపు నీళ్ళలో వేపాకు వేసిన చెంబుతో ఆమె కాళ్ళ మీద సాక పోసి అడుగుతాడు. "ఎందుకొచ్చినవ్ తల్లీ, నీకేం గావాలె?" అడగడం ఆచారం. అడిగితే చెబుతుంది, చెప్పి నిమ్మకాయ తీసుకుని శాంతిస్తుంది. ఆ తర్వాత మళ్ళీ మోకాళ్ళు పట్టుకుని కూర్చునే మామూలు వజ్రమ్మే.

థియేటర్లో జనం కెవ్వుమన్నది, నా లెక్కలో, ఆమెను చూసి.

ఆ కోపం ఇంటికి తెచ్చి అరుగు మీద పెద్ద గొంతుతో తిట్టి తిట్టి దించుకున్నాను. అక్కడితో పోయేదే. కానీ కొన్నాళ్ళకే ఆ సినిమా ఫోనుల్లోకి వచ్చింది, చాలీ పిల్లలంతా మెట్ల మీద కూర్చుని చూశారు. వాళ్ళలో మా హారతి కూడా ఉందేమోనని నాకు ఆ రాత్రి పక్కలు వేసేటప్పుడు అనుమానం వచ్చింది.

హారతి పుట్టినప్పటి నుంచీ నానమ్మ పక్కనే పడుకుంటుంది. ఊరికే పడుకోవడం కాదు, కాలు ఆమె మీద వేసి, కొంగు పిడికిట్లో పట్టుకుంటే తప్ప దానికి నిద్ర రాదు. ఆ రాత్రి తన చద్దరు తీసుకుని పొయ్యి దగ్గరికి పోయి పడుకుంది.

"గక్కడెందుకే?" అన్నాను.

"ఇక్కడ గాలొస్తది" అంది. పొయ్యి దగ్గరికి ఫ్యాను గాలి ఎప్పుడూ రాలేదు.

"పండనియ్యి తియ్యి" అంది అత్తమ్మ. అని, పక్కన ఖాళీగా ఉన్న చోటును చేత్తో ఒకసారి సర్ది, గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు నానమ్మ జడ వేయబోతే హారతి ఆమె చేతిలోంచి తల లాక్కుని నా దగ్గరికి వచ్చింది. స్కూలుకు పోయేదాకా ఊరుకుని, తిరిగొచ్చాక పక్కకు తీసుకుపోయి అడిగాను.

"సిన్మల ఆమె సేమ్ నానమ్మ లెక్కనే ఉన్నది మమ్మీ. నాకు డర్ అయితది."

"అది సిన్మ. ఆ పిల్ల ఎవతో ఆక్టింగ్ జేస్తది. మేకప్ కడుక్కొని ఇంటికి పోయి అన్నం తింటది. దానికి భయపడితే ఎట్ల?"

"నాకు మాలూం మమ్మీ. ఆమె ఆక్టింగే జేస్తది. కని నానమ్మ ఆక్టింగ్ జెయ్యది గద."

ఎన్ని సినిమాలకో తీర్పులు చెప్పినదాన్ని, దాని స్కూలు సంచీ తీసుకెళ్ళి మేకుకు తగిలించాను. అత్తమ్మ కొంచెం దూరంలో చీర ఒళ్ళో వేసుకుని కూర్చుంది. కత్తెర చప్పుడు ఆగింది కనుక ఆమె విన్నదని నాకు తెలుసు.

భుజంగరావు గారు వచ్చింది ఆ వారంలోనే. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరై, నదికి అవతల అడాజన్‌లో ఉంటారు. తెలుగువాళ్ళ సంఘానికి అధ్యక్షులు. రైలు పట్టాల పక్కన మా వాళ్ళు కట్టుకున్న చిన్న ఎల్లమ్మ గుడి దగ్గర ప్రతి ఏడూ బోనాలకు టెంటు, మైకు సంఘం తరఫున వేయిస్తారు. మంచి మనిషే. చెప్పులు బయట విప్పి, చాప మీద కూర్చుని, నేనిచ్చిన చాయ్ తాగాకే విషయంలోకి వచ్చారు.

"వజ్రమ్మ గారూ, ఈ ఏడు ఒక చిన్న మార్పు అనుకుంటున్నాం. బోనాలు చక్కగా వరసలో ఎత్తుకొస్తారు, డప్పులుంటాయి, పూజ ఉంటుంది, గ్రూప్ ఫొటో ఉంటుంది. ఆ పూనకం మటుకు లేకుండా చూసుకుంటే బాగుంటుంది."

అత్తమ్మ ఆయన ముఖంలోకి చూసింది. మాట్లాడింది నేను.

"ఎందుకు సార్?"

"నువ్వు సినిమాలు బాగా చూస్తావు కదమ్మా సుమనా, నీకు తెలియకపోవడమేమిటి? ఆ సినిమా వచ్చినప్పటి నుంచీ మా అపార్ట్‌మెంట్‌లో గుజరాతీవాళ్ళు అడుగుతున్నారు, మీవాళ్ళు చేసేది ఇదేనా అని. ఏం చెప్పమంటావు? ఈసారి అతిథులు కూడా వస్తున్నారు. అందరి చేతుల్లో ఫోన్లుంటాయి. మన గౌరవం కోసమే చెబుతున్నా."

"సిన్మ తప్పు తీస్తే సిన్మను అనాలె గని మా అత్తమ్మను ఆపుతరా?"

"తప్పు తీశాడని నేను అనను. సినిమాగా చూస్తే అద్భుతంగా తీశాడు. ఆ సౌండూ, ఆ లైటింగూ, రెండుసార్లు చూశాన్నేను."

రెండుసార్లు. ఏ బొమ్మను చూసి తల దించుకోవాల్సి వచ్చిందో ఆ బొమ్మనే మురిసిపోతూ రెండుసార్లు చూసొచ్చి, ఇక్కడికొచ్చి బతికున్న మనిషిని బొమ్మలా ఉండమంటున్నారు. ఆ మాటే అనబోయాను. అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఈ యేడు నేను బోనమే ఎత్త సారూ" అంది. "మీకు ఫికరు వద్దు."

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అయ్యో, బోనం ఎత్తొద్దని కాదండీ" అని చాలాసేపు సర్దిచెప్పి వెళ్ళారు. ఆయన వెళ్ళాక నేను ఆమె మీద పడ్డాను. ఎవరో వచ్చి చెబితే అమ్మవారిని మానేస్తావా అని, నీకు రోషం లేదా అని, నోటికొచ్చినదల్లా అన్నాను.

"ఆయినె కోసం గాదే" అంది అత్తమ్మ. "పిల్ల బుగులు పడ్తున్నది. నా మీద కాలేసి పండే పిల్ల. మల్ల నేను శివమూగంగ జూసిందనుకో, ఇగ నా దిక్కు రానే రాదు. ఎల్లమ్మ ఏమనుకోది, ఆమెకు పిల్లలు ఎర్కే."

నా కోపం ఎవరి మీద పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయింది. అత్తమ్మ మళ్ళీ కత్తెర తీసుకుంది, కాసేపటికి తలెత్తకుండానే అంది.

"గా సిన్మ నాకోపారి సూపియ్యి. పిల్లకు నేనెట్ల కండ్లవడ్డనో సూస్త."

మర్నాడు మధ్యాహ్నం చూశాం. అరుగు మీద ఎప్పుడూ ఉండే ఆడవాళ్ళమే, చీరల దొంతికి ఆనించిన ఫోను. హారతి బయటికి రానంది. గుమ్మం లోపల, నానమ్మ వీపు కనబడేచోట పుస్తకం ముందేసుకుని కూర్చుంది. అందరం అత్తమ్మ ముఖమే చూస్తున్నాం. దయ్యం సినిమా ఒకటి ఫోనులో నడుస్తుంటే ఎవరూ ఫోను చూడకపోవడం మా అరుగు మీద అదే మొదటిసారి.

బోనంతో దయ్యం అద్దంలో కనబడగానే అత్తమ్మ "పాపం, పోరికి పసుపు సక్కగ వెయ్యలే" అంది. జమున నవ్వింది. తర్వాత ఆ దయ్యం వంటింట్లోకి వచ్చింది, హీరోయిన్ అరిచి తలుపేసుకుంది. "అడుగదేంది?" అంది అత్తమ్మ. దయ్యం మెట్ల మీద నిలబడింది, హీరో కారు తాళాల కోసం వెతుక్కున్నాడు. "వీడన్న అడుగడేంది?" అంది. ఇంటర్వెల్ దాటాక ఒక మంత్రగాడు వచ్చాడు, మంటలు వేశాడు, ముగ్గులు వేశాడు, కొరడాతో కొట్టాడు. ఆ ఆడమనిషి జుట్టు పట్టుకుని ఈడ్చాడు. అత్తమ్మ కత్తెర కింద పెట్టింది. చివరికి ఆమెను కుండతో సహా కాల్చేశారు. జంట కారెక్కి నవ్వుకుంటూ పట్నం వెళ్ళిపోయింది.

నేను ఫోను తీయబోయాను. అత్తమ్మ గొంతు లేచింది. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ, బోనాలనాడు తప్ప, ఆమె గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు.

"గింతసేపు తిరిగింది ఆ పిల్ల. ఇల్లంత తిరిగింది, గోస పడ్డది. ఒక్కలన్న అడిగిండ్రా? ఎవలవు తల్లీ, ఎందుకొచ్చినవ్, ఏం గావాలె అని ఒక్కలన్న అడిగిండ్రా? నెత్తిన బరువుతోని నిలవడ్డ మనిషికి జర దించుతమని గూడ అనరా? ఇన్ని నీళ్ళన్న పొయ్యరా? సదువుకున్నోళ్ళే గద, కార్లున్నయ్, కొట్టి కాలవెడ్తరా? ఇది సిన్మానా?"

నేను అన్ని సినిమాల్లోనూ వెతికి వెతికి తప్పులు పట్టేదాన్ని, ఈ సినిమాను రోజుల తరబడి తిట్టినదాన్ని. నాకు తట్టలేదు. నేను బోనాన్ని అవమానించారని తిట్టాను, మా అత్తమ్మను అవమానించారని తిట్టాను. ఆ దయ్యం ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదని నాకు తోచనే లేదు. ఎందుకంటే ఇన్నేళ్ళుగా చూసిన ఏ సినిమాలోనూ ఎవరూ అడగలేదు.

గుమ్మం లోపలి నుంచి హారతి గొంతు వినిపించింది.

"అడిగితే ఏమంటది నానమ్మా?"

"ఏమో బిడ్డా" అంది అత్తమ్మ, వెనక్కి తిరగకుండానే. "అడుగకపోతె ఎట్ల తెలుస్తది?"

ఆ రాత్రి నానమ్మ పక్కకు వస్తుందేమోనని నేను పక్కలు వేస్తూ కనిపెట్టుకుని ఉన్నాను. రాలేదు. చద్దరు తీసుకుని పొయ్యి దగ్గరికే పోయింది. సినిమాల్లో అయితే ఈపాటికి పాట వచ్చేది.

బోనం సంగతి మటుకు నేను వదల్లేదు. రోజూ పోరాను. ఆమెను కాల్చారని నువ్వే ఏడిస్తివి, నువ్వు ఇంట్లో కూర్చుంటే నిన్నూ వాళ్ళు కాల్చినట్టే అన్నాను. రవీంద్ర కూడా మెల్లగా "ఎత్తరాదే అమ్మా" అన్నాడు. చివరికి ఒప్పుకుంది, ఒక షరతు మీద. జుట్టు గట్టిగా ముడి వేసుకుంటుంది. డప్పులకు దూరంగా నడుస్తుంది. బోనం దించి, దండం పెట్టుకుని, వెంటనే ఇంటికి వచ్చేస్తుంది. "శివం రాకుంట సూసుకుంట" అంది. వచ్చేది తన చేతిలో ఉన్నట్టు.

బోనాలనాటి ఆదివారం వాన కురిసి వెలిసింది. గుడి ముందు బురదలో ఇసుక పోశారు. టెంటు కింద కుర్చీలు, కుర్చీల్లో అడాజన్ నుంచి వచ్చినవాళ్ళు, భుజంగరావు గారి పక్కన అతిథులు. మా ఆడవాళ్ళంతా వరసలో వచ్చాం. అత్తమ్మ జుట్టు నేనే ముడి వేశాను, పిన్నులు పెట్టి మరీ. హారతి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని వెనకాల ఎక్కడో నడుస్తోంది.

బోనం దించేదాకా ఏమీ కాలేదు. అత్తమ్మ దండం పెట్టుకుని వెనక్కి తిరిగింది కూడా. అప్పుడే డప్పులవాళ్ళు దరువు మార్చారు. ఆమె ఆగిపోయింది. పళ్ళు బిగపట్టి, రెండు చేతులతో గుడి గోడ పట్టుకుని ఆపుకోవడానికి ఆమె పడిన పాట్లు నేను చూశాను. నాకు అది ఇంకా కళ్ళలోనే ఉంది. తరువాత ఒళ్ళు ఊగింది, పిన్నులు రాలాయి, ముడి విడిపోయింది. నేను వెనక నుంచి నడుము పట్టుకున్నాను. పట్టుకోవడం కోడలి పని.

మొదటి వరస కుర్చీలు వెనక్కి జరిగాయి. ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు పైకెత్తారు. "సిన్మల దయ్యం, సిన్మల దయ్యం" అని ఎవరి పిల్లో అంది, ఎవరో నవ్వారు. మా చిన్నమామ సాక చెంబు పట్టుకుని దగ్గరికి వచ్చి, భుజంగరావు గారి వైపు చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపారో లేదో నాకు తెలియదు. చిన్నమామ అక్కడే నిలబడిపోయాడు.

"అడుగు మామా" అన్నాను.

ఆయన పెదాలు తడుపుకున్నాడు.

"మోకాళ్ళు లేవు ఆమెకు, పడిపోతది. అడుగు మామా."

డప్పు ఆగిపోయింది. ఆపమని మైకులో ఎవరో చెప్పారు. అన్ని ఫోన్లు, అంతమంది తెలుగువాళ్ళు, మధ్యలో ఊగిపోతున్న ముసలామె. ఒక్కరూ అడగరు. నా చేతుల్లో అత్తమ్మ ఒళ్ళు నిప్పులా కాలుతోంది. నాకు అక్కడున్న అందరి మీదా అసహ్యం వేసింది. ఆ సినిమా తీసినవాడు అబద్ధం తీశాడని ఇన్నాళ్ళూ తిట్టానే, వాడు తీసింది వీళ్ళనే అనిపించింది.

అప్పుడు హారతి వచ్చింది. వాళ్ళ నాన్న చెయ్యి విడిపించుకుని, కుర్చీల మధ్య నుంచి బురదలో నడిచి వచ్చి, చిన్నతాత చేతిలోంచి చెంబు తీసుకుంది. సగం నీళ్ళు దాని గౌను మీదే పడ్డాయి. మిగిలినవి నానమ్మ పాదాల మీద పోసింది. పోసి తలెత్తి, విరబోసుకున్న జుట్టులోకి, పసుపు ముఖంలోకి సూటిగా చూసింది.

"ఎందుకొచ్చినవ్ తల్లీ?" అంది. గొంతు కీచుగా వచ్చింది. "నీకేం గావాలె?"

ఊగడం నెమ్మదించింది. ప్రతి ఏడూ ఎల్లమ్మ గట్టిగా మాట్లాడేది. నన్ను మరిచిపోయారని, నా గుడి కురుస్తోందని గద్దించేది. ఈసారి నాకూ హారతికీ తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా మాట్లాడింది.

"నన్ను జూసి ఉరుకకు బిడ్డా."

"నేను ఉరకలే" అంది హారతి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. "గిక్కడ్నే ఉన్న."

ఆ మాట అన్నది ఎల్లమ్మో, మా అత్తమ్మో నాకు తెలియదు. ఎవరన్నా కానివ్వండి, అడిగితేనే అన్నది. చిన్నమామ అప్పుడు కదిలి వచ్చి నిమ్మకాయ అందించాడు. అత్తమ్మ నా మీదికి ఒరిగింది. కాసేపటికి తన మామూలు గొంతుతో, "మోకాళ్ళు గుంజుతున్నయే, జర కూసుంట" అంది.

వెళ్ళేటప్పుడు భుజంగరావు గారు నా దగ్గరికి వచ్చి, "అంతా బాగానే జరిగిందమ్మా, చివర్లో పాప చాలా టచింగ్‌గా చేసింది" అన్నారు. సినిమా చూసి బయటికొస్తూ చెప్పినట్టే చెప్పారు. ఎన్ని మాటలు నాలుక చివరికి వచ్చాయో. "అది చేసింది గాదు సార్, అడిగింది" అని ఊరుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తమ్మ గదిలో చాప వేసుకుని నడుము వాల్చింది. అవతల రెండో పాళీవాళ్ళు వచ్చినట్టున్నారు, సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి. హారతి చెయ్యి కడుక్కుని వచ్చి, పొయ్యి దగ్గర మడతపెట్టి ఉన్న చద్దరు తీసుకుంది. దాన్ని చాప దాకా ఈడ్చుకొచ్చి, నానమ్మ వీపు మీద మోకాలితో ఒక్కటి తోసింది.

"జరుగు నానమ్మా" అంది.

మా అత్తమ్మ గోడవైపు జరిగింది.